గరిక మీద బంతాట.. ఒక్క పూటకు వేలల్లో ఖర్చు

ఆత్మకూరు: బతుకుదెరువు కోసం హైదరాబాదు పోయిన పాలమూరు కూలీలకు మణికొండ, గచ్చిబౌలి ప్రాంతాలు కొత్త కాదు. అక్కడ లేచిన అంతస్తుల మేడల్లో ఈ జిల్లా వారి చెమట కలవని గోడలు తక్కువ. ఆ మేడల నడుమనే ఇల్లూ వాకిలీ లేకుండా, పంటా పైరూ లేకుండా, నడి ఎండాకాలంలో సైతం పచ్చగా ఉండే విశాలమైన జాగ ఒకటుంది. నలుగురు మనుషులు అందులో నింపాదిగా నడుస్తూ అప్పుడప్పుడు ఆగి కర్రతో బంతిని కొడుతుంటారు. సంచులు మోసేవారు వారి వెంట నడుస్తుంటారు. అదే బౌల్డర్ హిల్స్ గోల్ఫ్ మైదానం. చుట్టూ ఖరీదైన విల్లాలతో కూడిన ధనవంతుల విడిది అది.

గోల్ఫ్ అనే మాట సినిమాల్లో, పత్రికల్లో తగలడమే తప్ప ఆ ఆట ఏమిటో, ఒక్క పూట ఆడటానికి అంత డబ్బు ఎందుకవుతుందో పల్లెల్లో తెలిసినవారు తక్కువ. ఆ డబ్బులో బంతికి, కర్రకు పోయేది కొంతే. అసలు ఖర్చంతా భూమికి, నీటికి, గడ్డికి. ఈ మూడింటి విలువ రైతుకు తెలిసినంతగా మరొకరికి తెలియదు. కనుక ఈ ఆట సంగతి రైతు తెలుసుకోవడం అవసరం.

చిర్రగోనె, గోటీల కలయిక

చిర్రగోనె, గోటీలు ఆడిన వారికి గోల్ఫ్ అర్థం కావడం కష్టమేమీ కాదు. చిర్రగోనెలో మాదిరిగా కర్రతో కొట్టి దూరం పంపాలి. గోటీలాటలో మాదిరిగా చివరకు గుంతలో వేయాలి. బంతి నిమ్మకాయంత ఉంటుంది. బరువు 46 గ్రాములకు మించరాదు. గుంత వెడల్పు నాలుగుంబావు అంగుళాలు, అంటే చెంబు మూతి అంత.

పూర్తి మైదానంలో ఇలాంటి గుంతలు 18 ఉంటాయి. బంతిని మొదట కొట్టే చోటు నుంచి గుంత దాకా దూరం ఒకచోట నూటయాభై గజాలుంటే మరోచోట అయిదు వందల గజాలు దాటుతుంది. దూరాన్ని బట్టి ఒక్కో గుంతకు మూడు, నాలుగు, అయిదు దెబ్బలని లెక్క పెడతారు. ఈ లెక్కను 'పార్' అంటారు. మామూలుగా 18 గుంతలకు కలిపి 72 దెబ్బలు. తక్కువ దెబ్బల్లో ముగించినవారే గెలిచినట్లు. లెక్కకు ఒకటి తగ్గితే 'బర్డీ', రెండు తగ్గితే 'ఈగిల్', ఒకటి పెరిగితే 'బోగీ'. దూరానికి ఒక కర్ర, ఇసుకలోంచి లేపడానికి ఒక కర్ర, గుంతలోకి దొర్లించడానికి ఒక కర్ర - ఇలా ఒక్కొక్కరు 14 కర్రల వరకు వెంట ఉంచుకోవచ్చు. అంతకు మించరాదని నిబంధన.

ఈ ఆట స్కాట్లండు దేశంలో పెరిగింది. సిపాయిలు విలువిద్య మానుకుని ఈ ఆటలో పడిపోతున్నారని 1457లో అక్కడి రాజు రెండవ జేమ్స్ దీనిని నిషేధించిన చరిత్ర ఉంది. 1764లో సెయింట్ ఆండ్రూస్ పట్టణంలోని మైదానాన్ని 18 గుంతలకు కుదించారు. తర్వాత లోకమంతా అదే లెక్క నిలిచింది. తెల్లదొరల వెంట ఈ ఆట మన దేశానికి వచ్చింది. 1829లో ఏర్పడిన కలకత్తా గోల్ఫ్ క్లబ్బు బ్రిటన్ బయట ఉన్న క్లబ్బులలోకెల్లా పాతది. మన హైదరాబాదులో గోల్కొండ కోట పక్కన నయా ఖిల్లా ప్రాంతంలో ఒక మైదానం, మణికొండలో బౌల్డర్ హిల్స్ ముఖ్యమైనవి.

పూట ఆట సాగే తీరు

ఇష్టం వచ్చినప్పుడు పోయి ఆడటానికి అక్కడ వీలుండదు. ముందే సమయం ఖాయం చేసుకోవాలి. సభ్యులు కానివారు ఆ పూటకు రుసుము కట్టాలి. కాలరున్న చొక్కా, పద్ధతైన ప్యాంటు, గడ్డి చెడకుండా ఉండే ప్రత్యేకమైన బూట్లు ఉండాలి. ఎండ ముదరక ముందే ఆడాలని చాలామంది తెల్లవారుతుండగానే వస్తారు. సాధారణంగా నలుగురు ఒక జట్టుగా బయలుదేరుతారు. వెనుక జట్టు ఎనిమిది, పది నిమిషాలు ఆగి కదులుతుంది.

మొదటి దెబ్బకు బంతిని చిన్న కొయ్య మేకు మీద నిలుపుతారు. చేయి తిరిగినవాడు కొడితే బంతి 250 గజాలు దాటిపోతుంది. కొత్తవాడు కొడితే కర్ర గాలిలో తిరిగి బంతి ఉన్నచోటే ఉంటుంది. కర్ర తాకకపోయినా అదీ ఒక దెబ్బ కిందే లెక్క. దారి పొడవునా ఇసుక గుంటలు, నీటి మడుగులు, పొడవు గడ్డి కావాలనే పెట్టి ఉంటాయి. బౌల్డర్ హిల్స్‌లో వీటికి తోడు పెద్ద పెద్ద బండలు ఉంటాయి. బంతి బండకు తగిలితే ఎటు ఎగురుతుందో చెప్పలేం. పొదల్లో పడి దొరకకపోతే శిక్షగా ఒక దెబ్బ కలుపుకుని అంతకుముందు కొట్టిన చోటు నుంచే మళ్ళీ కొట్టాలి.

బంతి గుంత దగ్గరి నున్నటి పచ్చిక మీదికి చేరిన తర్వాత ఆట తీరే మారుతుంది. అంతవరకు బలం కావాలి, ఇక్కడ ఓపిక కావాలి. నేల వాలు ఎటుందో, గడ్డి ఎటు వాలిందో చూసి మెల్లగా దొర్లించాలి. 250 గజాలు ఒక్క దెబ్బకు పంపినవాడే మూడడుగుల దూరంలో గుంత తప్పి రెండు దెబ్బలు పోగొట్టుకోవడం ఈ ఆటలో మామూలే.

మామూలు ఆటలో వెంట అంపైరు ఉండడు. ఎవరి లెక్క వారే నిజాయితీగా చెప్పుకోవాలి. పొదచాటున బంతి కదిలినా తానే ఒప్పుకుని శిక్ష దెబ్బ వేసుకోవాలి. ఈ ఆటలో మెచ్చుకోదగిన గుణం ఇదేనని చెప్పవచ్చు. 18 గుంతలు ముగిసేసరికి ఆరేడు కిలోమీటర్లకు తక్కువ కాకుండా నడక, నాలుగు గంటలకు పైగా సమయం అవుతుంది. నడవలేనివారికి బ్యాటరీ బండ్లున్నాయి.

ఇలాంటి విడిది మైదానాలలో ఒక పూటకు రుసుము, బండి అద్దె, సంచి మోసేవారి కూలి, తర్వాత ఫలహారం కలిపి ఖర్చు వేలల్లో ఉంటుంది. సభ్యత్వానికి లక్షలు కావాలి. 2025-26లో మన రాష్ట్రంలో ఉపాధి హామీ కూలి రోజుకు 307 రూపాయలు. ఒక పూట ఆటకు అయిదు వేలే అనుకున్నా అది కూలి మనిషికి 16 రోజుల కష్టం.

రైతు పీకేది, అక్కడ పెంచేది

ఇంత డబ్బు పోసి వారు నడిచే పచ్చిక ఏమిటో తెలిస్తే రైతులకు నవ్వు రాక మానదు. మన దేశంలోని చాలా గోల్ఫ్ మైదానాల్లో పెంచేది గరిక జాతి గడ్డినే. ఇంగ్లీషులో దానికి బెర్ముడా గడ్డి అని పేరు. వినాయకుని పూజకు తెచ్చే గరిక, చెల్కల్లో రైతు ప్రాణం తీసే గరిక అదే కుటుంబానికి చెందినది. అమెరికాలోని టిఫ్టన్ అనే ఊరి పరిశోధన కేంద్రంలో దానిని సంకరపరచి సన్నని ఆకు, దట్టమైన అల్లిక వచ్చేలా చేశారు. తేడా అంతే.

గరిక పడిన చేనును బాగు చేయడానికి రైతు పడే పాట్లు అన్నీ ఇన్నీ కావు. ఎండాకాలంలో లోతు దుక్కి దున్ని, వేళ్ళు ఏరి, కుప్పలు వేసి కాల్చినా నాలుగు వానలు పడగానే కణుపు కణుపునా మళ్ళీ లేస్తుంది. తొక్కినా చావని, కోసినా ఆగని, ఎండినా నీరు తగలగానే తేరుకునే ఆ మొండితనం చూసే గోల్ఫ్ వారు దానిని ఎంచుకున్నారు.

అయితే గరికను పెంచడం తేలికైనా దానిని తివాచీలా ఉంచడం తేలిక కాదు. గుంత చుట్టూ ఉండే పచ్చికను మూడు, నాలుగు మిల్లీమీటర్ల ఎత్తున, అంటే కంది గింజ ఎత్తు కూడా లేకుండా రోజూ కోస్తారు. అంత పొట్టిగా కోసిన గడ్డికి ఆకులో బలం ఉండదు. కనుక తరచుగా నీరు, ఎరువు, తెగులు మందులు వాడాలి. ఆ పచ్చిక కింద మన్ను కూడా మామూలు మన్ను కాదు. నీరు నిలవకుండా అడుగున కంకర, గొట్టాలు, పైన ఇసుక పొర వేసి తయారు చేస్తారు. కలుపు ఏరడం, ఇసుక చదును చేయడం, గడ్డి కోయడం వంటి పనులకు నిత్యం కూలీలు కావాలి.

నీటి లెక్క

ఎండలు మండే రోజుల్లో పచ్చికకు రోజుకు అయిదు మిల్లీమీటర్ల నీరు ఇచ్చారని అనుకుందాం. ఎకరానికి అది సుమారు 20 వేల లీటర్లు అవుతుంది. నూరెకరాల పచ్చికకు 20 లక్షల లీటర్లు. మిషన్ భగీరథ పథకంలో పల్లెల్లో మనిషికి రోజుకు 100 లీటర్లు ఇవ్వాలని లక్ష్యం పెట్టారు. ఆ లెక్కన 20 లక్షల లీటర్లు 20 వేల మందికి ఒకరోజు సరిపోయే నీరు. ఉమ్మడి పాలమూరు జిల్లాలో ఏడాది మొత్తానికి కురిసే సగటు వాన 600 మిల్లీమీటర్ల చుట్టుపక్కలే. పచ్చికకు రోజుకు అయిదు చొప్పున ఇస్తే నాలుగు నెలల్లో ఆ ఏడాది వానంతా ఖర్చయినట్లే.

ఇందులో రెండో వైపూ చూడాలి. ఎకరం యాసంగి వరి తాగే నీరు ఎకరం గోల్ఫ్ గడ్డి కంటే తక్కువేమీ కాదు. జూరాల కాలువల కింద వరి వేసే ఆత్మకూరు రైతుకు ఈ సంగతి చెప్పనక్కరలేదు. కాకపోతే వరి పదిమందికి అన్నం పెడుతుంది. గడ్డి మీద పూటకు కొద్దిమంది నడిచిపోతారు. నగరాల్లోని మైదానాలు బోర్లు, చెరువుల మీద పడకుండా శుద్ధి చేసిన మురుగు నీటిని వాడుకోవచ్చు. దేశదేశాల్లో ఈ పద్ధతి ఉంది. మురుగు నీటికి దారి చూపినట్లూ అవుతుంది, మంచినీరు మిగిలినట్లూ అవుతుంది. మురుగు నీరు పారని పల్లెల పక్కన మైదానం వేస్తే మాత్రం బోర్లే దిక్కవుతాయి.

భూమి కథ

బౌల్డర్ హిల్స్ లేచింది ప్రభుత్వ భూమిలోనే. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ కాలంలో 2003లో పరిశ్రమల మౌలిక సదుపాయాల సంస్థ దుబాయికి చెందిన ఎమ్మార్ కంపెనీతో ఒప్పందం చేసుకుంది. మణికొండ ప్రాంతంలో మొత్తం 535 ఎకరాలు. ఇందులో గోల్ఫ్ మైదానానికి లీజు మీద 235 ఎకరాలు కేటాయించారు. మిగిలిన దానిలో విల్లాలు, అపార్టుమెంట్లు, సభా భవనం, హోటలు వచ్చాయి. మైదానాన్ని పీటర్ హరడైన్ అనే విదేశీ నిపుణుడు రూపొందించాడు. 250 కోట్ల ఏళ్ళ నాటివని చెప్పే దక్కను బండలను చాలావరకు అలాగే ఉంచి వాటి నడుమ పచ్చిక పరిచారు. పేరు కూడా ఆ బండలను బట్టి వచ్చిందే.

ప్రభుత్వ వాటా తగ్గిన తీరు, ఇళ్ళ స్థలాల అమ్మకాలపై తర్వాత పెద్ద వివాదం రేగింది. 2011లో హైకోర్టు ఆదేశంపై సి.బి.ఐ. కేసు నమోదు చేసింది. కోర్టు సంగతులు అలా ఉంచితే సామాన్యుడు గ్రహించవలసింది ఒకటుంది. గోల్ఫ్ మైదానం ఒంటరిగా రాదు. దాని పచ్చదనం చూపించి చుట్టూ ఇళ్ళు అమ్ముతారు. ఆట మీద వచ్చే ఆదాయం కంటే ఆట పేరున చుట్టుపక్కల భూమికి పెరిగే ధర ఎన్నో రెట్లు ఉంటుంది.

నయా ఖిల్లా సంగతి మరో తీరు. మొగలుల దాడి తర్వాత అబ్దుల్లా కుతుబ్‌షా కాలంలో కోటకు కలిపి కట్టిన భాగం అది. వందల ఏళ్ళ వయసున్న బ్రహ్మాండమైన ఆఫ్రికా చెట్టు 'హాతియాఁ కా ఝాడ్' అక్కడే ఉంది. 1990ల తర్వాత ఆ ప్రాంతంలో గోల్ఫ్ మైదానం విస్తరించడంతో పాత కట్టడాలకు, నీటి దారులకు నష్టం కలుగుతున్నదని, సందర్శకులకు దారి ఇరుకవుతున్నదని చరిత్ర అభిమానులు అభ్యంతరాలు చెబుతూ వచ్చారు.

ఆటకు పేరొందిన సెయింట్ ఆండ్రూస్‌లో పద్ధతి వేరు. ప్రపంచమంతా తీర్థంలా చూసే అక్కడి పాత మైదానం ప్రజల ఆస్తి. మామూలు ఆదివారాల్లో అక్కడ ఆట ఉండదు. ఊరి జనం పిల్లాపాపలతో ఆ పచ్చిక మీద షికారు చేస్తారు. అమెరికాలోనూ మైదానాల్లో ఎక్కువ భాగం రుసుము కట్టిన ఎవరైనా ఆడుకునేవే. మన దేశంలో మాత్రం ఇది ఎక్కువగా సభ్యుల ఆటగా, సైనికాధికారుల ఆటగా మిగిలిపోయింది.

సంచి మోసినవారూ గెలిచారు

అయినా ఈ ఆట పేదవాడికి ఎన్నడూ అందలేదని అనడానికి వీలులేదు. కర్రల సంచి మోసేవారిని 'క్యాడీ' అంటారు. వారు కేవలం కూలీలు కారు. దూరం ఎంతో, గాలి ఎటో, ఏ కర్ర తీయాలో, నేల ఎటు వాలిందో ఆడేవారికి చెప్పేది వారే. చాలా చోట్ల వారికి నెల జీతం ఉండదు. ఆట దొరికిన రోజు కూలి, దొరకని రోజు పస్తు. అలా ఢిల్లీలో క్యాడీగా మొదలైన శ్రీ అలీ షేర్ 1991లో ఇండియన్ ఓపెన్ పోటీని గెలిచాడు. ఆ పోటీ గెలిచిన తొలి భారత వృత్తి క్రీడాకారుడు ఆయనే. 1993లో మరోసారి గెలిచాడు. బెంగుళూరు - మైసూరు దారిలో బిడది దగ్గర ఈగల్టన్ అనే గోల్ఫ్ విడిది ఉంది. దాని పక్క పల్లెలో పేద ఇంట పుట్టిన శ్రీ చిక్కరంగప్ప ఆ మైదానంలోనే ఆట నేర్చి దేశంలోని పేరున్న క్రీడాకారుల్లో ఒకడయ్యాడు.

తెలుగువారికి గర్వకారణమైన సంగతి మరొకటి ఉంది. హైదరాబాదు నుంచి అమెరికా వెళ్ళి స్థిరపడిన కుటుంబంలో కాలిఫోర్నియాలో పుట్టిన శ్రీ తీగల సాహిత్ 2023 సెప్టెంబరులో అక్కడి ఫోర్టినెట్ ఛాంపియన్‌షిప్ గెలిచాడు. బహుమతి 15 లక్షల డాలర్ల పైచిలుకు. 2024లో ప్రెసిడెంట్స్ కప్ పోటీల్లో అమెరికా జట్టు తరఫున ఆడాడు. 112 ఏళ్ళ తర్వాత 2016లో గోల్ఫ్ ఒలింపిక్స్‌లోకి తిరిగి వచ్చింది. 2021లో జరిగిన టోక్యో ఒలింపిక్స్‌లో బెంగుళూరు అమ్మాయి కుమారి అదితి అశోక్ నాలుగో స్థానంలో నిలిచి ఒక్క దెబ్బ తేడాతో పతకం పోగొట్టుకుంది. ఆ రోజు తెల్లవారుజామున ఈ ఆట తెలియనివారు కూడా టి.వి.ల ముందు కూర్చున్నారు.

వీరందరికీ కలిసి వచ్చింది ఒకటే. చిన్నతనంలో మైదానం అందుబాటులో ఉండటం. చేయి, కన్ను కుదరడంలో మన పల్లె పిల్లలు ఎవరికీ తీసిపోరు. చిర్ర ఎగరగొట్టి గాలిలోనే కొట్టే పిల్లవాడికి కదలని బంతిని కొట్టడం ఎంత పని?

అడగవలసినవి అడగాలి

హైదరాబాదు చుట్టూ భూముల ధరలు పెరిగేకొద్దీ విడుదులు, ఫాంహౌసులు, గోల్ఫ్ పేరున వెలిసే కాలనీలు నగరం దాటి పల్లెల వైపు వస్తున్నాయి. రేపు ఉమ్మడి పాలమూరు, నల్లగొండ జిల్లాల్లోకి అలాంటిది వస్తే ముందే వద్దని అనడమో, ముందే మురిసిపోవడమో సరికాదు. కొన్ని ప్రశ్నలకు మాత్రం గ్రామసభలో జవాబు రాబట్టుకోవాలి.

నీరు ఎక్కడి నుంచి తెస్తారు? బోర్లా, చెరువా, శుద్ధి చేసిన నీరా? ఎన్ని బోర్లు, ఎంత లోతు? పచ్చికకు వాడే ఎరువులు, మందులు వానతో కలిసి ఏ కుంటలో చేరుతాయి? భూమి అమ్మకమా, లీజా? లీజయితే ఎన్నేళ్ళు, గడువు తీరాక ఎవరిది? పశువులు మేసే దారులు, బండ్ల బాటలు, కాలువ గట్లు మూసుకుపోతాయా? ఊరివారికి ఇచ్చే ఉద్యోగాలు ఎన్ని? కాగితం మీద రాసి ఇస్తారా? క్యాడీలకు, తోట పనివారికి నెల జీతం, భవిష్యనిధి ఉంటాయా? వారంలో ఒక పూటయినా బడి పిల్లలకు ఆట నేర్పుతారా? ఇవి అడగడానికి ఎవరికీ గోల్ఫ్ తెలిసి ఉండనక్కరలేదు. బోరు, బాట, భూమి తెలిస్తే చాలు.

ఇదిలా ఉండగా, 2022లో ఊరూరా క్రీడా ప్రాంగణాలు పెట్టే పథకం మొదలైంది. గోల్ఫ్‌కు 235 ఎకరాలు ఇచ్చిన గడ్డ మీద ఈ ప్రాంగణాలకు దక్కింది ఊరికి ఎకరం లోపో, ఎకరమో. అందులోనూ కొన్నిచోట్ల బోర్డు తప్ప మైదానం లేదు. కొన్నిచోట్ల ఊరికి దూరంగా రాళ్ళ గుట్టల పక్కన జాగ చూపారు. కంపచెట్లు మొలిచినవీ ఉన్నాయి. ధనవంతుల గరికకు రోజూ కోత, రోజూ నీరు ఉన్నప్పుడు పిల్లల ఎకరానికి ఏడాదికి రెండుసార్లు చదును చేసే ఏర్పాటైనా ఉండాలని తల్లిదండ్రులు కోరడం న్యాయం. అధికారులు, సర్పంచులు ప్రాంగణాలను ఒకసారి తిరిగి చూసి, కంప కొట్టించి, నీడకు నాలుగు వేపమొక్కలు నాటిస్తే బాగుంటుంది.